పద్దు పుస్తకంలో లెక్క తప్పుతోందా?

అల్జీమర్స్ మీద, తొలిదశ మతిమరుపు మీద ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం కోనసీమ నుంచి, ఆపైన నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి వచ్చాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా వేశాం. జబ్బుకు పేరు పెట్టేలోపు చూసుకోవాల్సిన వాటి గురించే ఎక్కువ రాశాం. చాలా ఇళ్లలో కాలం వృథా అవుతున్నది అక్కడే.

ప్రశ్న: మా మావగారికి 71 ఏళ్లండి. నలభై ఏళ్లు కొబ్బరి వ్యాపారం చేశారు. కాయ లెక్క, కూలి లెక్క నోటితోనే చెప్పేసేవారు. ఏడాదిగా ఒకే మాట గంటలో నాలుగుసార్లు అడుగుతున్నారు. మొన్న దింపు కూలీలకు పొద్దున డబ్బు ఇచ్చేసి, సాయంత్రం మళ్లీ ఇవ్వబోయారు. మా ఆయనేమో "వయసు మీద పడింది, చాదస్తం" అంటున్నారు. డాక్టరుకు చూపించాలంటారా? (ఒక కోడలు, అంబాజీపేట మండలం)

జవాబు: చూపించాలమ్మా, ఈ నెలలోనే.

వయసుతో వచ్చే మరుపులో తాళాలు ఎక్కడ పెట్టారో గుర్తుండదు. దొరికాక "అవును, ఇక్కడే పెట్టాను" అని తడుతుంది. పెళ్లిలో కనిపించిన మనిషి పేరు నాలుక చివర ఆడి ఆడి, రాత్రి పడుకోబోయే ముందు గుర్తొస్తుంది. జబ్బు మరుపులో ఆ సంగతి మెదడులో పడనే పడదు, అందుకే మీరు గుర్తు చేసినా గుర్తుకు రాదు. కూలి ఇచ్చేశారని మీరు చెప్పినప్పుడు ఆయన "అరె, మర్చిపోయాను" అన్నారా, "నేనివ్వలేదు" అని వాదించారా? డాక్టరుకు మొదట చెప్పాల్సింది ఇదే.

కొత్త సంగతులను పదిలం చేసేది మెదడు లోపలి మడతల్లో, ఇంచుమించు చెవుల ఎత్తులో ఉండే హిప్పోకాంపస్. దానికి వాకిలిలాంటిది పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్. అల్జీమర్స్ దెబ్బ సాధారణంగా ముందు ఈ వాకిట్లోనే పడుతుంది. పాత జ్ఞాపకాలు అప్పటికే మెదడులో వేరేచోట్ల సర్దుకుని ఉంటాయి. అందువల్ల 1996 నవంబరు తుపానుకు తోటలో ఎన్ని చెట్లు పడ్డాయో ఆయన చెప్పగలరు, పొద్దున ఏం టిఫిన్ తిన్నారో చెప్పలేరు. "పాతవన్నీ గుర్తున్నాయి కదా, జబ్బేమిటి" అని ఇంట్లోవాళ్లు మోసపోయేది ఇందుకే.

ఒక పని చేయండి. మీ మావగారి పద్దు పుస్తకాలు తీయండి. ఈ ఏడాదిది, రెండేళ్ల కిందటిది, అయిదేళ్ల కిందటిది, మూడింట్లోనూ ఒకే నెల తెరిచి పక్కపక్కన పెట్టండి. ఒకే పద్దు రెండుసార్లు పడిందా? తేదీలు వేయకుండా వదిలేశారా? కూడికల్లో కొట్టివేతలు పెరిగాయా? కింది నిలవను తర్వాతి పేజీకి ఎత్తి రాయడం మానేశారా? అక్షరం వణికితే అది చేతి సంగతి కావచ్చు, దాన్ని వేరుగా చూడాలి. నిలవ ఎత్తి రాయకపోవడం మాత్రం నేరుగా మెదడు పని. ఆ పేజీలను ఫోనులో ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. నలభై ఏళ్లు బేరాలాడిన మనిషి పది నిమిషాల మాటల్లో డాక్టరును కూడా ఒప్పించేస్తారు. అయిదేళ్ల పద్దులు అలా ఒప్పించలేవు. మనిషిని ఊళ్లో ఇంకొకరితో కాకుండా, తన పాత తీరుతోనే పోల్చి చూడాలి.

పద్దు రాయని ఇల్లాళ్లకు వంటిల్లే పద్దు పుస్తకం. ముప్ఫై ఏళ్లుగా చేతి కొలతతో ఆవకాయ పెట్టినావిడ ఉప్పు వేశానో లేదో తెలియక ఆగిపోతున్నారంటే, పులుసులో రెండుసార్లు చింతపండు పడుతోందంటే, నెలా తేదీ వేసి రాసుకోండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన వాడే మందులన్నీ, షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఆకు మందులతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. ఆయన ఎదురుగా తప్పులు ఏకరువు పెట్టకండి. కాగితం మీద రాసి ఇవ్వండి, లేదా విడిగా అయిదు నిమిషాలు అడగండి. మీ ఆయనకు ఒక్క లెక్క చెప్పండి: దేశవ్యాప్తంగా ఇళ్లకు వెళ్లి చేసిన సర్వేను బట్టి 2023లో వేసిన అంచనా ప్రకారం, 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జీమర్స్, అలాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పెట్టిన పేరు) ఉంది. నూటికి మిగతా 92 మందికి పైగా అదే వయసులో ఉండీ ఆ జబ్బు లేనివాళ్లే. కాబట్టి దీన్ని వయసు ఖాతాలో వేసి ఊరుకోకూడదు.

ప్రశ్న: అమ్మకు 66. పదేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్యాసుకు పాంటాప్రజోల్ వాడుతోంది. నిద్రకు ఒక మాత్ర, దురదకు ఒక మాత్ర షాపులో అడిగి తెస్తాం. మేము శాకాహారులం. ఆరు నెలలుగా మతిమరుపు, అరికాళ్ల తిమ్మిర్లు. అల్జీమర్సేనా? (పాలకొల్లు)

జవాబు: ఇంకా ఆ మాట అనకండి. మీ ఉత్తరంలోనే అయిదు అనుమానాలు ఉన్నాయి.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. పాంటాప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, దానివల్ల తిండిలోని బి12 సరిగా విడిపడదు. పైగా శాకాహారం. మరుపుకు తిమ్మిర్లు తోడయ్యాయంటే ముందు చూడాల్సింది బి12. మిల్లీలీటరు రక్తంలో 200 పికోగ్రాముల లోపు ఉంటే లోటు ఉన్నట్టే. 200కీ 300కీ మధ్య ఉంటే సందేహం, అప్పుడు బి12 తగ్గితే పెరిగే హోమోసిస్టీన్‌గానీ మిథైల్‌మలోనిక్ ఆమ్లంగానీ చూస్తారు. లోటు తేలితే 1000 మైక్రోగ్రాముల ఇంజక్షన్లు మొదట దగ్గరదగ్గరగా, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి చొప్పున ఇవ్వడం మామూలు. "రక్తం తక్కువగా ఉంది" అని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే పెద్ద పొరపాటు. రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాల నష్టం మాత్రం లోపల సాగిపోతుంది.

దురద మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్ లాంటివి మెదడులో ఎసిటైల్‌కొలిన్‌ను అడ్డుకుంటాయి. జ్ఞాపకశక్తికి కావాల్సిన రసాయనం అదే. వణుకుకు వాడే ట్రైహెక్సిఫెనిడిల్, నొప్పులకు ఇచ్చే అమిట్రిప్టిలిన్ కూడా ఈ కోవలోవే. నిద్రమాత్ర ఆల్ప్రజోలంగానీ క్లోనజెపంగానీ అయితే మరుపు తేవడంతోపాటు తూలిపడేలా చేస్తుంది. కానీ దాన్ని ఒక్కసారిగా ఆపకండి. ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి. షుగరుకు గ్లిమెపిరైడ్ కూడా ఉంటే, తిండి ఆలస్యమైనప్పుడు షుగరు పడిపోయి తికమకగా మాట్లాడుతున్నారేమో ఆ సమయంలోనే వేలి రక్తం చూడండి.

మొదటి దఫాలో చేయించాల్సినవి: బి12, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, సోడియం, కాల్షియం, షుగరు, కిడ్నీలకు క్రియాటినిన్, లివరు పరీక్ష, హీమోగ్లోబిన్. వీటిలో చాలావరకు మండల కేంద్రంలోని ల్యాబుల్లోనే అవుతాయి. బీపీ మాత్రల్లో నీరు పోయించే మందు కలిసి ఉంటే సోడియం పడిపోవచ్చు, అప్పుడు మనిషి మందగిస్తాడు. అదీ సరిచేయగలిగేదే.

ఆర్నెల్లలో ఎక్కడైనా పడ్డారా అన్నది కూడా గుర్తు చేసుకోండి. నూతి చప్టా మీద జారి తల తగిలితే అప్పటికి బాగానే ఉంటారు. మూడు వారాలకో రెండు నెలలకో పుర్రెకూ మెదడుకూ మధ్య నెమ్మదిగా చేరిన రక్తం ఒత్తుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. సీటీ స్కాన్‌లో తెలుస్తుంది, చాలామందికి చిన్న రంధ్రం పెట్టి తీసేస్తే తేరుకుంటారు. నడకలో పాదాలు నేలకు అతుక్కున్నట్టుండి, మూత్రం ఆపుకోలేక, దాంతోపాటు మరుపు ఉంటే, అది మెదడు గదుల్లో నీరు చేరడం కావచ్చు. దానికీ శస్త్రచికిత్స ఉంది.

ఇక రెండు రోజుల్లో హఠాత్తుగా మాట తప్పి, పగలూ రాత్రీ తెలియకుండా పోతే అది అల్జీమర్స్ తీరు కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం లాంటి కారణం ఉంటుంది. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: నాన్నగారికి ఎమ్మారై తీయిస్తే "నార్మల్" అని వచ్చింది. అయినా మరుపు పెరుగుతోంది. ఇప్పుడు రక్త పరీక్షతోనే తెలుస్తుందంటున్నారు, నిజమా? (భీమవరం)

జవాబు: మామూలు ఎమ్మారైలో మెదడు ఆకారం, కుంచించుకుపోవడం, పాత పక్షవాతం మచ్చలు కనిపిస్తాయి. అల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ కనిపించదు. తొలిదశలో ఎమ్మారై మామూలుగానే ఉండొచ్చు. తీయించేటప్పుడే హిప్పోకాంపస్‌ను అడ్డుకోతలో చూపించమని, దాని కుదింపును 0 నుంచి 4 వరకు కొలిచే ఎంటీఏ స్కోరు రాయమని కోరండి. ఉత్త "నార్మల్" అన్న మాట కంటే ఆ అంకె నయం, రెండేళ్ల తర్వాత పోల్చుకోవచ్చు.

రక్త పరీక్ష మాట నిజమే. పీ-టౌ 217 అనే ప్రొటీన్‌ను పికోగ్రాముల్లో కొలుస్తారు. దీన్ని అమిలాయిడ్‌తో నిష్పత్తిగా చూసే పరీక్షకు 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. అది 55 దాటి, లక్షణాలు ఉండి, నిపుణుల దగ్గర చూపించుకుంటున్నవాళ్లకు ఉద్దేశించింది. ఏ ఇబ్బందీ లేనివాళ్లు సరదాకి చేయించుకోవద్దు. పాజిటివ్ వచ్చి కూడా బతికినంతకాలం మరుపు రానివాళ్లు ఉంటారు. కిడ్నీ జబ్బున్నవాళ్లలో ఈ అంకె ఊరికే పెరుగుతుంది, ముందు క్రియాటినిన్ చూసుకోవాలి.

ప్రశ్న: అసలు మెదడులో ఏం జరుగుతుంది? కొత్త మందులు జబ్బును తగ్గిస్తాయా? (డిగ్రీ విద్యార్థిని, కాకినాడ)

జవాబు: 1906 నవంబరులో జర్మనీలో డాక్టర్ అలాయిస్ అల్జైమర్ ఒక రోగి మెదడు గురించి వివరించారు. ఆమె పేరు ఆగస్టె డీటర్, 55 ఏళ్లకే చనిపోయారు. మెదడు కణాల బయట గడ్డలు, కణాల లోపల చిక్కుపడ్డ పోగులు ఆయనకు సూక్ష్మదర్శినిలో కనిపించాయి. బయటి గడ్డలు అమిలాయిడ్ అనీ, లోపలి పోగులు టౌ అనీ 1980ల్లో తేలింది.

అమిలాయిడ్ పేరుకోవడం లక్షణాలకు 15, 20 ఏళ్ల ముందే మొదలవుతుంది. పంట కాలువలో గుర్రపుడెక్క చేరడాన్ని ఊహించుకోండి. డెక్క కమ్మేసినా కొన్నాళ్లు నీళ్లు అడుగున పారుతూనే ఉంటాయి, పై చేలకు తెలియదు. శివారు భూములకు నీరందనప్పుడే గొడవ మొదలవుతుంది. మెదడులోనూ అంతే. అమిలాయిడ్ ఎంతుందన్నదాని కంటే టౌ ఎంతవరకు పాకింది, కణాల మధ్య అతుకులు ఎన్ని తెగాయి అన్నదాన్ని బట్టే మరుపు ఉంటుంది.

లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. ఇవి అమిలాయిడ్‌ను నిజంగానే తీసేస్తాయి. లెకానెమాబ్ పరీక్షలో 18 నెలలకు, జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల కొలబద్ద మీద, మందు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ తేడా 0.45 పాయింటు. అంటే జబ్బు ముదిరే వేగం 27 శాతం తగ్గింది, పోయిన జ్ఞాపకం తిరిగి రాలేదు. ఆ పరీక్షలో కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలకొకసారి సెలైన్‌లో ఎక్కించారు. సుమారు 12.6 శాతం మందిలో మెదడు వాచింది, చాలామందికి అది స్కానులోనే కనిపించింది తప్ప బాధ తెలియలేదు, కొద్దిమందికి ప్రమాదమైంది. అందుకే మధ్యమధ్యలో ఎమ్మారైలు తప్పనిసరి, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. పైగా తొలిదశ వాళ్లకే పనికొస్తాయి. చేలు ఎండిపోయాక డెక్క తీస్తే పంట తిరిగి రాదు కదా.

ప్రశ్న: అమ్మకు చదువు రాదు. లేసు అల్లి మమ్మల్ని పెంచింది. పరీక్షలో "100 నుంచి 7 తీసేస్తూ రా", "ఒక వాక్యం రాయి" అన్నారట. చెప్పలేకపోయింది, తక్కువ మార్కులేశారు. ఇది న్యాయమేనా? (నరసాపురం)

జవాబు: న్యాయం కాదు. ఆ 30 మార్కుల పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. బడికి వెళ్లనివాళ్లు అందులో ఏ జబ్బూ లేకుండానే తప్పుతారు. మన దేశంలో భారతీయ వైద్య పరిశోధన మండలి తయారుచేసిన పరీక్షల సంపుటి తెలుగులోనూ ఉంది. చదువు రానివాళ్లకు వేరుగా కొలతలు ఉన్న తెలుగు పరీక్ష పెట్టమని న్యూరాలజిస్టును అడగండి, అది అడిగే హక్కు మీకుంది.

అమ్మ చేతి పనిని కూడా చెప్పండి. పాత డిజైను చేతికి అలవాటై ఉంటుంది, జబ్బు ముదిరేదాకా సూది ఆడుతూనే ఉంటుంది. అది చూసి బాగానే ఉందనుకోకండి. కొత్త నమూనా చూపిస్తే ఎన్నో వరసలో పువ్వు వేయాలో లెక్క నిలుస్తోందా, పక్కింటావిడ పలకరించాక ఆపినచోటు నుంచే అందుకుంటోందా అన్నవి గమనించండి.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. అంటే మెదడుకు పని చదువుతోనే రానక్కర్లేదు. తెలుగుగడ్డ మీద పుట్టిన ఈ పరిశోధనను ప్రపంచమంతా ఉదహరిస్తుంది, మనవాళ్లకు తెలియాల్సినంత తెలియదు.

ప్రశ్న: రోజూ రెండు చెంచాల కొబ్బరి నూనె తాగితే అల్జీమర్స్ తగ్గుతుందట కదా? (రాజోలు)

జవాబు: తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు. ఒక పెద్ద చెంచా కొబ్బరి నూనెలో 11, 12 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటుంది. రెండు చెంచాలు తాగితే చాలామందికి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పెరుగుతుంది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ డిమెన్షియాకు దారితీసే, మనం మార్చుకోగల 14 కారణాలు చెప్పింది. నడివయసులో పెరిగిన ఎల్‌డీఎల్ వాటిలో ఒకటి. కూరలో కొబ్బరి మానేయమనడం లేదు, మందనుకుని తాగవద్దు.

ఆ 14లో ఎల్‌డీఎల్‌తో సమానంగా పైన నిలిచింది వినికిడి లోపం. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో వినికిడి యంత్రం అందరికీ మేలు చేయలేదు, కానీ ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లలో మూడేళ్లలో మతి మందగించడాన్ని 48 శాతం తగ్గించింది. యంత్రం కొని అల్మారాలో పెట్టేయడమే మన ఇళ్లలో జరిగే తప్పు. మొదట్లో గిన్నెల చప్పుడు కూడా గీ పెట్టినట్టు వినిపిస్తుంది. రోజుకు గంటతో మొదలుపెట్టి, నెలలో మెల్లగా పెంచి, సౌండు సరిచేయించడానికి రెండు మూడుసార్లు వెనక్కి వెళ్లాలి.

ప్రశ్న: మా నాన్నకు 78వ ఏట అల్జీమర్స్ వచ్చింది. నాకూ వస్తుందా? (తణుకు)

జవాబు: ఆ వయసులో వచ్చినది నేరుగా వారసత్వం కాదు, ప్రమాదం కొంచెం పెరుగుతుందంతే. మూడు తరాల్లో 60 లోపే వచ్చినవాళ్లుంటే మాత్రం జన్యు సలహా తీసుకోండి.

ప్రశ్న: మరుపుకు ఇచ్చిన డోనెపెజిల్ మాత్ర మొదలుపెట్టిన పదో రోజుకే వాంతులు. ఆపేశాం. తప్పా? (మండపేట)

జవాబు: చెప్పకుండా ఆపడం తప్పు. 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, 4 నుంచి 6 వారాల తర్వాతే 10కి పెంచుతారు. నేరుగా 10 మొదలుపెట్టారేమో చీటీ చూడండి. భోజనం అయ్యాక వేస్తే వికారం తగ్గుతుంది. పీడకలలు వస్తుంటే రాత్రి మాత్రను పొద్దుటికి మార్చమని అడగండి. నాడి నిమిషానికి 50 దిగినా, స్పృహ తప్పినా వెంటనే ఈసీజీ తీయించాలి. బీపీకి, గుండెకు అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. ఈ మందు జబ్బును ఆపదు, కొందరిలో కొన్ని నెలలపాటు మనిషిని నిలబెడుతుంది.

ప్రశ్న: సాయంత్రమయ్యేసరికి మా అమ్మమ్మ "ఇంటికి పోతాను" అంటూ బయల్దేరుతుంది. ఇంటి వెనకే కాలువ. ఒక్కోసారి ఏం చేయాలో తోచదు. (ముమ్మిడివరం దగ్గర గ్రామం)

జవాబు: "ఇదే నీ ఇల్లు" అని వాదించకండి. ఆమె వెతుకుతున్న ఇల్లు ఎక్కువగా పుట్టిల్లై ఉంటుంది. "అక్కడ ఎవరుంటారమ్మమ్మా?" అని అడుగుతూ చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిచి వెనక్కి తిప్పండి. చాలాసార్లు గుమ్మం చూసి తానే లోపలికి వస్తుంది. దానికంటే ముందు మూత్రానికి వెళ్లాలేమో, ఆకలేమో, ఎక్కడైనా నొప్పేమో చూడండి. మాట రానివాళ్లకు "ఇంటికి పోతాను" అన్నదే ఆ నొప్పి చెప్పుకునే మాట అవుతుంది. అయిదింటికే, చీకటి పడకముందే, దీపాలన్నీ వేయండి. మధ్యాహ్నం నిద్ర అరగంట మించనివ్వద్దు, కాఫీ టీలు పొద్దున పూటకే.

పెరటి తలుపుకు గడియ చేతి ఎత్తున కాకుండా బాగా పైన బిగించండి, తలుపుకు గజ్జెలు కట్టండి. ఒంటరిగా లోపల పెట్టి తాళం మాత్రం వేయకండి, పొయ్యి అంటుకుంటే బయటపడలేదు. స్టీలు కడియం మీద మీ ఫోను నంబరు చెక్కించండి, జాకెట్టు లోపలి అంచునా కుట్టండి. పొద్దున కట్టిన చీర రంగు ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి, మూడు నెలలకొకసారి కొత్త ఫొటో తీయాలి. ఆటో స్టాండులో, రేవు దగ్గర, కిళ్లీ బడ్డీలో నంబరు ఇచ్చి ఉంచండి.

కనిపించకపోతే మొదటి అయిదు నిమిషాల్లో ఒకరు కాలువ రేవుకు, చేపల చెరువు గట్టుకు పరుగెత్తాలి, ఇంకొకరు ఇంట్లో దొడ్డి, పశువుల పాక చూడాలి. ఊరంతా తిరిగి చివర్లో కాలువ దగ్గరికి వెళ్లడమే జరిగే పొరపాటు. పావుగంటలో దొరకకపోతే 112కు ఫోన్ చేయండి.

ఇంకో ప్రమాదం డెల్టాలో ప్రత్యేకం. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు అమ్మమ్మ ఎండిన అడుగు మీదుగా అవతలి గట్టుకు వెళ్లి వచ్చి ఉంటే, ఆ దారి ఆమె కాళ్లకు అలవాటైపోతుంది. నీళ్లు వదిలాక కూడా అదే దారిలో దిగుతుంది. నీళ్లు వదిలే వారానికి ముందే ఆ రేవుకు అడ్డంగా వెదురు దడి కట్టించండి.